నల్లజీడి పెట్టిన మెడ

నన్ను ఇప్పటిదాకా ఇద్దరే కొట్టారు. ఒకరు మా అమ్మ. చిన్నప్పుడు నా నోటి దురుసుకు ఆవిడ చేతిలో గరిటె ఉంటే గరిటెతో, చీపురు ఉంటే చీపురుతో తన్నులు తిన్నాను. రెండో మనిషి లక్డారం నుంచి వచ్చిన ఒక కంకర మిషన్ పనివాడు. అతను కొట్టింది పటాన్‌చెరులో, నా గదిలో, నా కుర్చీలో నేను కూర్చుని ఉండగా. ఆ దెబ్బకు కళ్ళజోడు ఎగిరి గోడకు తగిలింది. చలి పెరిగితే ఎడమ చెవిలో ఇప్పటికీ ఒక హోరు లేస్తుంది. క్షమించావా అని అడిగేవాళ్ళున్నారు. లేదు. నేను క్షమించే రకం కాదు, అది నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు.

నా పనేమిటో ముందు చెప్పాలి. మెడ మీదో చంకలోనో గజ్జలోనో గడ్డ తేలిన మనుషులు నా దగ్గరికి వస్తారు. ఆ గడ్డలోకి సన్నటి సూది దింపి, లోపలి నుంచి వచ్చిన చుక్కను గాజు స్లైడు మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి అదేమిటో రాస్తాను. వినడానికి ఇంతే. కానీ ఆ రాసే దగ్గరే మనుషుల ప్రాణాలు పోయేవి.

వెనకటికి మా రిపోర్టులు వ్యాసరచన పోటీలకు రాసినట్టుండేవి. వాపు కణాలున్నాయి, అక్కడక్కడ పెద్ద కణాలున్నాయి, టీబీ కాదని చెప్పలేము, ఇంకేదైనా అని కూడా చెప్పలేము, మిగతా పరీక్షలతో కలిపి చూసుకోగలరు. గోడమీద పిల్లి కూడా ఇంతకంటే ధైర్యంగా దూకుతుంది. చదివిన డాక్టరు అందులో తనకు నచ్చిన ముక్క ఏరుకునేవాడు. మా దిక్కున టీబీ ఎక్కువ, కాబట్టి ఎక్కువమంది ఆ ముక్కే ఏరుకునేవారు. క్యాన్సర్ ఉన్నవాళ్ళు నెలల తరబడి టీబీ గోళీలు మింగి, గడ్డ గుమ్మడికాయంత అయ్యాక తిరిగి వచ్చేవారు. అప్పుడు నా పాత కాగితం తీసి చూస్తే అందులో అన్నీ ఉండేవి. అన్నీ ఉండటమే దాని దరిద్రం.

ఇప్పుడు అందరూ ఒకే తీరుగా రాయాలని ఐదు మెట్లు పెట్టారు. ఒకటి అంటే సూదికి వచ్చిన సరుకు చాలలేదు, మళ్ళీ గుచ్చాలి. రెండు అంటే మామూలు వాపో, టీబీ లాంటిదో, క్యాన్సర్ కాదు. మూడు అంటే ఉండకూడని కణాలు కొన్ని కనబడ్డాయి, కానీ అవేమిటో తేలలేదు. నాలుగు అంటే క్యాన్సరేనని గట్టి అనుమానం. ఐదు అంటే క్యాన్సర్. ఏ మెట్టుకు ప్రమాదం ఎంతో, తర్వాత చెయ్యాల్సిన పనేమిటో పక్కనే రాసి తీరాలి. తప్పించుకునే సందు లేదు. నాకు అదే నచ్చింది.

మా డయాగ్నస్టిక్ సెంటర్ ఓనరుకు మాత్రం నచ్చలేదు. "మూడు అంటే మనోళ్ళకు ఏం సమజైతది మేడం? ఉంటే ఉన్నదని రాయుండ్రి, లేకుంటే లేదని రాయుండ్రి," అన్నాడు.

"నీకు నచ్చినట్టు రాయాల్నంటే కిరాణం దుకాణం పెట్టుకో. బోర్డు నేనే రాసిస్త," అన్నాను.

ఆ రోజు నుంచి ఇంకో నియమం కూడా పెట్టాను. మూడు, నాలుగు, ఐదు వచ్చిన రిపోర్టులు కౌంటర్ దగ్గర ఇవ్వకూడదు. మనిషిని గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, నేనే నోటితో చెప్పాలి. ఆ నియమమే నాకు చెంపదెబ్బ తెచ్చిపెట్టింది.

వాళ్ళు ముగ్గురు వచ్చారు. అన్న, తమ్ముడు, తమ్ముడి భార్య. రోగి తమ్ముడు. ముప్పై దాటని మనిషి, బొల్లారంలో మందుల ముడిసరుకు కాచే కంపెనీలో షిఫ్టు పని. డ్యూటీ దిగి కంపెనీ బస్సులోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, బట్టల నుంచి ఘాటు వాసన గదంతా పరుచుకుంది. మెడకు టవల్ చుట్టుకున్నాడు. అన్న లక్డారంలో మిగిలిన కాస్త పొలం చూసుకుంటూ కంకర మిషన్ మీదికి పోతాడట. గోళ్ళ సందుల్లో తెల్లటి రాతిపిండి. చేతులు ఒక్కోటి చేటంత ఉన్నాయి. ఆ చేతులే నాకు ముందు కనబడ్డాయి.

టవల్ తియ్యమన్నాను. తీశాడు. చూడగానే నాకు ఒళ్ళు మండింది.

మెడకు ఎడమ పక్కన గడ్డలు, వాటి చుట్టూ వరుసగా నల్లటి చుక్కలు. చుక్కల కింద చర్మం బొబ్బలెక్కి, చిట్లి, రసి కారుతోంది. ఎవరూ చెప్పనక్కర్లేదు, నేను పోతిరెడ్డిపల్లిలో పుట్టి పెరిగినదాన్ని. నల్లజీడి గింజను పిన్నీసుకు గుచ్చి దీపం మంటకు పెడితే నల్లటి నూనె ఊరుతుంది. ఆ నూనెను గడ్డ చుట్టూ చుక్కలు పెడతారు. అది చర్మాన్ని తినేస్తుంది. గడ్డలోని విషాన్ని బయటికి గుంజుతుందని నమ్మకం. గుంజేది చర్మాన్నే.

"ఎవరు పెట్టిండ్రు గిది?"

"నేనే మేడం," అన్నాడు అన్న. మామూలుగా చెప్పలేదు, ఛాతీ విరుచుకుని చెప్పాడు. "మా అవ్వ నుంచి వచ్చింది నాకు. ఎవలకు గడ్డ లేసినా నా తానికే తోల్కొస్తరు. నా చెయ్యికి వాసి ఉన్నదంటరు."

"మరి కరిగిందా?"

"జెర మొండిది. గందుకే మల్ల మల్ల పెట్టిన."

తమ్ముడు నేల చూస్తున్నాడు. ఆ అమ్మాయి, అతని భార్య, నా వైపు చూసింది. ఆ చూపులో ఏదో ఉంది కానీ బావ ముందర ఆమె నోరు తెరవదు. ఇంకెక్కడైనా గడ్డలున్నాయా, చంకలో, గజ్జలో అని అడిగాను. తమ్ముడు ఒకసారి అన్న వైపు చూసి, "లేవ్ మేడం," అన్నాడు. చొక్కా విప్పమంటే మెడ దగ్గరి రెండు గుండీలు మాత్రం విప్పాడు.

కాలిన చోటు తప్పించి సూది దింపడానికి ఖాళీ దొరకలేదు. ఉన్నంతలో కాస్త బాగున్న గడ్డ చూసి గుచ్చాను. తమ్ముడు కదల్లేదు. అన్న మాత్రం మొహం పక్కకు తిప్పుకుని, "జెర నిమ్మలంగ మేడం, నొప్పి లేస్తది వానికి," అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వు రాలేదు, సూది తీసి ఇతనికి గుచ్చాలనిపించింది.

స్లైడు మైక్రోస్కోపు కింద పెడితే కాలిన పుండు తెచ్చిన వాపు కణాలే అంతటా. అంగడి రోజు జనంలా ఒకదాని మీద ఒకటి తొక్కుకుంటూ ఉన్నాయి. ఆ గుంపు నడుమ పెద్ద కణాలు ఒకటి రెండు తొంగిచూశాయి. అవి అక్కడ ఉండాల్సినవి కావు. కానీ చీము మసకలో వాటి ముఖం సరిగా తేలలేదు. నా మనసు నాలుగు అంది. కానీ కళ్ళు చూడనిది చేత్తో రాయకూడదు. మూడు రాశాను. గడ్డను నిండుగా ఆపరేషన్ చేసి తీసి పరీక్షించాలి, ఆలస్యం చెయ్యకూడదు అని కింద రాశాను.

రిపోర్టు కోసం మళ్ళీ ముగ్గురూ వచ్చారు. గదిలోకి పిలిచాను. బల్ల మీద ఒక పక్కన ట్రేలో తమ్ముడి స్లైడులున్నాయి. పెద్దాసుపత్రికి పోతే అక్కడి డాక్టర్లు చూస్తారని వాటిని కాగితంలో చుట్టి ఇద్దామని పెట్టుకున్నాను. నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాను. నాకూ నెమ్మదిగా మాట్లాడటం వచ్చు, మొదటి రెండు నిమిషాలు.

"క్యాన్సర్ ఉన్నదా లేదా గది చెప్పుండ్రి," అన్నాడు అన్న.

"గీ సూదితోని తేలలే. ఉండొచ్చు, లేకపోవచ్చు. గడ్డ మొత్తం తీసి చూస్తెనే తేలుతది. జల్దీ తీయించుండ్రి."

"చెప్పరాకుంటే సూదెందుకు పొడిసినవ్?" అతని గొంతు లేచింది. మీరు పోయి నువ్వు వచ్చింది. "గడ్డను కెలికితే పాకుతదని లోకమంతా ఎర్కే. మంచిగున్న పిలగాన్ని కెలికి, ఇప్పుడు తెల్వదంటవా? సూది తాకినంకనే గిది గిట్లైంది."

"సూది తాకితే పాకదు."

"నీకేం తెలుసు? నువ్వే రాసినవ్ గదా తెల్వదని!"

అక్కడ నాకు తిక్క లేచింది. లేచి నిలబడకుండా, కుర్చీలోంచే వేలు చూపించాను.

"ఎందుకు తెలుస్తలేదో చెప్పాల్నా? నువ్వు కాల్చినవ్ గనక తెలుస్తలేదు. నీ జీడి పుండు లోపలంతా వాపు లేపింది. అసలు రోగం గా వాపు కింద దాక్కున్నది. నీ చెయ్యికి వాసి గాదు, మసి ఉన్నది. నీ తమ్ముని మెడ మీద నువ్వే మన్ను పోసినవ్!"

చివరి మాట పూర్తయ్యిందో లేదో నాకు గుర్తులేదు. చెయ్యి రావడం చూడలేదు. చప్పుడు విన్నాను. గది ఒక పక్కకు ఒరిగి మళ్ళీ నిలబడింది. నోట్లో ఉప్పగా తగిలింది, లోపలి చెంప పంటికి కోసుకుంది. అతను అంతటితో ఆగలేదు. బల్లను రెండు చేతులతో ఎత్తి తోశాడు. ట్రే ఎగిరి కింద పడింది. స్లైడులు ఫెళ్ళున పగిలాయి. పగిలినవి చాలవన్నట్టు చెప్పుకాలితో వాటిని తొక్కాడు. కరకరమని పిండి చేశాడు. తన తమ్ముడి ప్రాణం సంగతి కాస్తో కూస్తో చెప్పగల గాజు ముక్కలు అవి మాత్రమే. వాటినే తొక్కుతున్నానని అతనికి తెలియదు.

అప్పుడు తమ్ముడు లేచాడు. అంతదాకా అతని గొంతు గట్టిగా విననే లేదు నేను. అన్న గల్లా పట్టుకుని తలుపుకేసి కొట్టాడు. ఒకసారి కాదు. తలుపు చట్రం అదిరి పైన గడియారం ఊడిపడింది. అన్న నుదురు పగిలి రక్తం కనుబొమ్మ మీదుగా కారింది. పెనుగులాటలో తమ్ముడి మెడ మీది బొబ్బలు చిట్లి అతని చొక్కా కూడా తడిసింది. ఇద్దరి రక్తం ఇద్దరికీ అంటుకుంది. ఆ అమ్మాయి నడుమ దూరబోతే మోచెయ్యి తగిలి గోడకు కూలబడింది. బయట కూర్చున్న పేషెంట్లు తలుపు దగ్గర గుమిగూడారు. ఒక్కరూ లోపలికి రాలేదు.

"మేడం మీద చెయ్యెత్తుతవా? ఆడామెను కొడ్తవా?" అని తమ్ముడు అరుస్తున్నాడు.

అన్న అంతటి మనిషి, కంకర రాళ్ళు ఎత్తే మనిషి, చెయ్యి తిరిగి ఎత్తలేదు. రెండు చేతులు వేలాడేసి దెబ్బలు తిన్నాడు. "నీకన్న పెద్దోన్నిరా," అన్నాడు ఒకసారి. అంతే. తర్వాత తలుపు తీసుకుని, గుంపును తోసుకుంటూ బయటికి పోయాడు. తమ్ముడు పెద్దన్న మీద చెయ్యి చేసుకోవడం మా దిక్కున చూడరాని పని. చూసినవాళ్ళందరూ నా చెంప సంగతి మర్చిపోయి దాని గురించే మాట్లాడుకున్నారు.

ఓనరు పరుగెత్తుకొచ్చాడు. పోలీసులను పిలవమన్నాను. ఊరోళ్ళు వస్తారు, గొడవైతది, సెంటర్ పేరు పోతుంది అని నసిగాడు. నా పన్ను ఊడినా నీకు సెంటర్ పేరేనా అని అతని మీద విరుచుకుపడ్డాను. ఆ మనిషిని స్టేషన్‌లో బోర్లా పడేసి తంతుంటే నేను కుర్చీ వేసుకుని చూడాలని ఆ క్షణాన నిజంగా కోరుకున్నాను.

ఆ అమ్మాయి అప్పటికే నేల మీద కూర్చుని గాజు ముక్కలు ఏరుతోంది. వేలు తెగింది. "కేసు తర్వాత పెట్టుండ్రి మేడం," అంది, నా వైపు చూడకుండా. "ముందు ఈయన సంగతి సూడుండ్రి. గీ గాజు పోతే ఇగ మాకేమున్నది?"

ఆ మాటతో నాకు బుర్ర పనిచేసింది. స్లైడులు పోయాయి. వేరే డాక్టరుకు చూపించడానికి ఏమీ మిగల్లేదు. నా చేతిలో మిగిలింది మూడు అని రాసిన ఒక కాగితం. ఇంత రభస జరిగాక ఈ మనిషి భయపడి ఇంటికి పోతే మళ్ళీ ఆపరేషన్ దాకా రాడు.

"మల్ల పొడువాలె," అన్నాను. "కానీ మెడల గుచ్చితే మల్ల గదే వాపు వస్తది."

తమ్ముడు ఒగరుస్తూ నిలబడి ఉన్నాడు. కాసేపు భార్య వైపు చూశాడు. తర్వాత చొక్కా మొత్తం విప్పి ఎడమ చెయ్యి పైకెత్తాడు.

చంకలో నిమ్మకాయంత గడ్డ. దాని మీద చర్మం శుభ్రంగా ఉంది.

"మొన్న లేవంటివి గదా!"

"అన్న పక్కనున్నడు మేడం. సూపిస్తే గిదాన్ని గూడ కాలుస్తడని దాసిన."

రోగాన్ని అన్న నుంచి దాచాడు, అన్న పక్కనున్నందుకు నా దగ్గరా దాచాడు. అన్న చేసే వైద్యానికి అంత భయం, అన్నకు వద్దని చెప్పడానికి అంతకంటే భయం. నాకు తిట్టాలనిపించింది. తిట్టాను కూడా. తిడుతూనే చేతులు కడుక్కుని సూది తీశాను. ఒక చెవి పనిచెయ్యడం లేదు, చెంప వాచి ఒక కన్ను సగం మూసుకుపోయింది, కళ్ళజోడుకు ఒక అద్దమే ఉంది. అయినా సూది పట్టుకున్న చెయ్యి వణకలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

ఈసారి స్లైడు మీద చీము లేదు, మసక లేదు. పెద్ద కణాలు బట్టబయలుగా ఉన్నాయి, ఒకే కణంలో రెండు కేంద్రకాలు ఎదురెదురుగా. మొదటిసారి గుంపు వెనక తొంగిచూసినవి ఇవే. ఈ రకం క్యాన్సర్ గడ్డ మొత్తం తీసి చూస్తే తప్ప ఖాయం కాదు కాబట్టి ఐదు రాయకుండా నాలుగు రాశాను. కాగితం మీద ఆ అంకె చూసి పెద్దాసుపత్రిలో అతన్ని తిప్పి పంపలేదు. చంకలో గడ్డ తీశారు, లింఫు గడ్డల క్యాన్సర్ అని తేలింది. మందుకు లొంగే రకమని, ముదరక ముందే దొరికిందని చెప్పి వరుసగా సెలైన్‌లో మందులు ఎక్కించడం మొదలుపెట్టారు. ఇవన్నీ ఆ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అన్నదమ్ములు పొయ్యిలు వేరు పెట్టుకున్నారని కూడా చెప్పింది. "బావ పొద్దుగాల్ల వచ్చి వాకిట్ల నిలవడ్తడు మేడం. ఈయన మొకం తిప్పుకుంటడు. గట్లనే నిలవడి నిలవడి పోతడు," అంది. మంచి పని అయిందనుకున్నాను.

చలికాలం వెళ్ళేవేళకు ఒక మధ్యాహ్నం అతను నా గది తలుపు తోసుకుని వచ్చాడు. ఒక్కడే. నుదుటి మీద మచ్చ కనబడుతోంది. నేను పేపర్ వెయిట్ చేతిలోకి తీసుకున్నాను. విసరాలనే తీసుకున్నాను.

"కొట్టుండ్రి మేడం," అన్నాడు. "కానీ ముందు గిది సూడుండ్రి."

మెడకు చుట్టుకున్న టవల్ విప్పాడు. ఎడమ పక్కన, సరిగ్గా తమ్ముడికి ఉన్నచోటే, వరుసగా నల్లటి చుక్కలు. వాటి కింద పచ్చి పుండు. పుండు కింద కొత్తగా లేచిన గడ్డ.

"ఎవరు పెట్టిండ్రు?"

"నేనే," అన్నాడు. ఈసారి ఛాతీ విరుచుకోలేదు. "గడ్డ లేని మెడ మీద కావాల్నని పెట్టుకున్న. ఆనాడు మీరన్నది నిజమో అబద్ధమో ఎర్కగావాలె నాకు. నేను కాల్చవట్టే మా తమ్మునిది తెలుస్తలేదన్నరు గదా. ఇప్పుడు నాకు సూది పొడిసి సూడుండ్రి. ఏమున్నదో గదే చెప్పుండ్రి."

పిచ్చోడా అన్నాను. అలా పరీక్ష చేసుకునేది కాదని చెప్పాను. అతను కదల్లేదు. అక్కడే స్టూలు మీద కూర్చుని మెడ ఒక పక్కకు వంచాడు. గుచ్చాను. కాస్త మొరటుగానే దింపాను, అబద్ధం ఎందుకు. అతను పళ్ళు బిగబట్టాడు. స్లైడుకు రంగు వేసి అతని ఎదురుగానే చూశాను. అదే గుంపు. అవే వాపు కణాలు, అదే చీము మసక. ఆ మసక వెనక మాత్రం ఏమీ లేదు.

"రెండు," అన్నాను. "క్యాన్సర్ లేదు. నీది కాలిన వాపు."

"గిదేనా మా తమ్ముని గాజు మీద అడ్డమొచ్చింది?"

కాదు అంటే అతను లేచి పోయేవాడు. హాయిగా నిద్రపోయేవాడు కూడా. కానీ అతనికి హాయి కలిగించాలని నాకు లేదు, అబద్ధం చెప్పాలనీ లేదు.

"అవును. గిదే."

"రోగం గూడ నేనే పెట్టిన్నా?"

"లేదు. రోగం నీతోని రాలే. ఆలస్యం నీతోని అయింది."

తల ఊపాడు. సూది గుచ్చిన చోట రక్తం చిన్నగా వస్తోంది. పత్తి పెట్టి నొక్కి పట్టుకున్నాను. అంత దగ్గరగా చూస్తే అతని పెదవి మీద కూడా గాయం ఉంది, సొంత పంటితో కొరుక్కున్నట్టు. అతను తన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"ఎంతమందికి పెట్టిన్నో మేడం. చిన్న చిన్న పొల్లగాండ్లకు గూడ పెట్టిన. నాకు నేను ఎన్నడు పెట్టుకోలే. గింత మంట ఉంటదని నాకు తెల్వనే తెల్వది. పెట్టుకున్నంక వాకిలంత పొర్లిన. గోడకు తలకాయ గుద్దుకున్న. మా ఇంటామె నీళ్ళు పోస్తుంటే ఆమెను గూడ తన్నిన."

నేను పత్తి తియ్యలేదు.

"మా తమ్మునికి మల్ల మల్ల పెట్టిన," అన్నాడు. "వాడు ఒక్కసారి గూడ కుయ్యిమనలే మేడం."